నీళ్ళు మాత్రమే ఉన్న మూల

విల్సన్ ఇంట్లో వెతకడానికి ఇంకేమీ మిగల్లేదు.

ట్రంకుపెట్టెలోని చీరలు వరండాలో గుట్టగా పడి ఉన్నాయి. పరుపు కుట్లు విప్పేశారు. బియ్యం డబ్బా బోర్లించారు. చుట్టలు చుట్టి దాచుకున్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే విప్పి చూసి గోడవారగా పడేశారు. సందు చివరిదాకా జనం నిలబడి ఉన్నారు.

"ఏమీ లేదు," అంది యశస్విని.

రాజ్ కుమార్ ఫోన్ ఎత్తిపట్టుకుని వీడియో తీస్తూనే ఉన్నాడు. "ఈ ఇంట్లో లేదనండి. ఇంకెక్కడో ఉంటుంది."

ఇద్దరూ ప్రైవేట్ డిటెక్టివులే. రాజ్ కుమార్ పోలీసు ఉద్యోగం వదిలి విజయవాడలో ఏజెన్సీ పెట్టినవాడు. యశస్వినిది గుడివాడ. ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు చేస్తుంది. ఒకే కేసు మీద ఇద్దరూ బందరు రావడానికి కారణం ఒక పాత బొమ్మ.

బందరు పెద్దమనిషి నాగభూషణం గారి హాల్లో ఆ బొమ్మ తరతరాలుగా వేలాడుతోంది. నూట అరవై ఏళ్ళ కిందటి ఉప్పెనలో మునిగిన బందరు, దాని ముందు నీళ్ళ మీద నాలుగు పడవలు. అప్పటి ఓ దొర వేసిన తైలవర్ణచిత్రం. ఆ పడవలు నాగభూషణం ముత్తాత భుజంగరావువని, వాటిని పంపి ఆయన వందలమందిని కాపాడాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన పేరున కొత్తగా కట్టించిన స్మారక భవనంలో వచ్చే ఆదివారం ఆ బొమ్మను పెట్టాలి. దాని మీద పేరుకున్న మసి తుడిచి బాగుచేసే పని డ్రాయింగ్ మాస్టారు విల్సన్‌కి అప్పగించారు. శనివారం పొద్దున ముసుగు తీసి చూస్తే కింది కుడిమూలన రెండు అరచేతులంత ముక్క లేదు. ఎవరో బ్లేడుతో కోసి పట్టుకుపోయారు.

ఆ ముక్కలో దొర సంతకం ఉండేది. సంతకం ఉంటేనే బొమ్మకి విలువ. తాళంచెవి విల్సన్ దగ్గర ఉంది. లెక్క తేలిపోయినట్టే అనిపించింది.

ఇల్లు వెతుకుదామన్నది రాజ్ కుమార్ కాదు. యశస్వినే. "మీకు అభ్యంతరం లేకపోతే ఒకసారి చూస్తాం," అని ఆమే మర్యాదగా అడిగింది. "చూసుకోండి," అన్నాడు విల్సన్. తలుపు మూసి చూడాలన్న ఆలోచన మాత్రం ఆమెకు రాలేదు.

మెట్టు మీద విల్సన్ తల్లి ముత్యాలమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. ఆమె లోపలి బట్టలు కూడా ఆ గుట్టలోనే ఉన్నాయి. యశస్విని గబగబా ఒక చీర తీసి వాటి మీద కప్పింది. చూసేవాళ్ళంతా అప్పటికే చూసేశారు.

ఆమె విల్సన్‌ని వంటగదిలోకి పిలిచింది.

"శుక్రవారం మీరు ఆ ఇంటికి వెళ్ళారు కదూ?"

"వెళ్ళానండి. ఆఖరిసారి వార్నిష్ వెయ్యాల్సుంది. ఇంటిల్లిపాదీ గుడివాడ పెళ్ళికి వెళ్ళారు."

"మీరు పనిలో ఉండగా ఎవరైనా వచ్చారా?"

విల్సన్ బోర్లించిన బియ్యం డబ్బా వంక చూశాడు. "తాళం నా దగ్గరే ఉంది కదండీ."

"నేనడిగింది తాళం గురించి కాదు."

విల్సన్ వంగి ఒలికిన బియ్యం పోగుచెయ్యసాగాడు.

"సరే. ఆ మూలలో ఏముండేది?"

"నీళ్ళండి. వట్టి నీళ్ళే."

"సంతకం?"

ఒక్క క్షణం తడబడ్డాడు. "ఆఁ... సంతకం కూడా ఉండేదండి. చిన్నది."

యశస్వినికి ఏదో తట్టింది. సంతకం కోసం కోసినవాడికి ముందు గుర్తురావలసింది సంతకం. ఇతనికి ముందు నీళ్ళు గుర్తొచ్చాయి. పైగా ఎవరూ అడక్కుండానే వట్టి నీళ్ళేనని నొక్కి చెప్పాడు.

"విల్సన్ గారూ, మీరు ఎవర్ని కాస్తున్నారు?"

"నేను తుడవకుండా ఉండాల్సిందండి," అన్నాడు అతను నెమ్మదిగా.

బయట రాజ్ కుమార్ కారు స్టార్ట్ చేస్తున్నాడు. "సాయంత్రానికి ఇతన్ని పోలీసులకు అప్పగిస్తాను. ఈలోపు వీడియో నాగేంద్రబాబు గారికి పంపా. ఆయన వాళ్ళ గ్రూపుల్లో వేశారట. ఊరంతా చూస్తే వాడే దిగొస్తాడు."

నాగేంద్రబాబు నాగభూషణం కొడుకు. కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాడు. రాజ్ కుమార్‌ని పిలిపించింది అతనే.

"విల్సన్ గారు పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషండీ! ఆ వీడియో తీయించెయ్యండి!"

"వెతుకుదామన్నది మీరేగా మేడమ్?"



* * *

నాగభూషణం గారి హాల్లో యశస్విని బొమ్మ ముందు నిలబడింది. శనివారం నుంచీ ఆమె ఎన్నోసార్లు ఇక్కడ నిలబడింది కాని, చూసిందంతా ఆ చిల్లునే. బొమ్మను బొమ్మగా ఒక్కసారీ చూడలేదు. ఒక మనిషి పరుపు కుట్లు విప్పించాక ఇప్పుడు చూస్తోంది.

గొప్ప బొమ్మ. వేసినవాడి పేరు ఎవరికీ చదవరాలేదు గాని చెయ్యి మామూలుది కాదు. గాలివాన వెలిసిన మర్నాటి వెలుతురు, బురద కలిసిన టీ రంగులో ఉంది. సరుకు గోదాములు కిటికీల దాకా మునిగి ఉన్నాయి. పెంకుటిళ్ళ కప్పుల మీద చుక్కల్లాంటి మనుషులు. దగ్గరికెళితే ఒక్కో చుక్కకీ తల, భుజాలు ఉన్నాయి. ఒకామె చంటిబిడ్డను తలకంటే ఎత్తుకి ఎత్తిపట్టుకుని ఉంది. అంత దూరపు మనిషికి అంత శ్రద్ధగా బిడ్డను పెట్టినవాడు ఊరికే నీళ్ళు వేసి వదిలిపెడతాడా అనిపించింది ఆమెకు.

ఆమె చూపు పడవల మీదికి వచ్చింది. నాలుగూ బరువుతో అంచులదాకా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. వాటి మీద తాటాకు చాపలు కప్పి ఉన్నాయి. చాపల కింద ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూర్చోబెట్టి తెచ్చారని ఇంట్లోవాళ్ళు చెబుతారు. ఒక చాప చివర మాత్రం కాస్త తొలిగి ఉంది. అందులోంచి కనిపిస్తున్నది చీర కుచ్చెళ్ళు కావు. గట్టిగా బిగించి కట్టిన మూట. దాని అంచున అద్దకం పువ్వులు వరసగా ఉన్నాయి. పెడనలో ఇప్పటికీ అద్దే పువ్వులే.

"ఏం చూస్తున్నారింకా?" రాజ్ కుమార్ వెనకనుంచి అన్నాడు. "పోయిందాని సంగతి చూడండి. ఉన్నదాంతో మనకేం పని?"

"చుక్కాని పడవకి ఏ వైపు ఉంటుందండీ?"

"వెనక వైపు. చిన్నపిల్లాడ్నడిగినా చెబుతాడు."

"ఈ నాలుగు పడవలకీ చుక్కాని ఊరివైపు ఉంది."

రాజ్ కుమార్ ముందుకు వంగాడు. దూరాన లంగరేసిన ఓడ ఒకటి ఉంది. పడవల ముక్కులన్నీ దానివైపే తిరిగి ఉన్నాయి.

"ఇవి జనం కోసం వస్తున్న పడవలు కావు," అంది యశస్విని. "సరుకేసుకుని ఊరు వదిలి పోతున్న పడవలు. కప్పుల మీద జనం వీటినే చూస్తున్నారు."

"నూట అరవై ఏళ్ళ కిందటి సంగతి మనకెందుకు? కోసిందెవరో అది చెప్పండి."

"ఒక చెయ్యి వెయ్యండి. దించుదాం."

"ఎందుకు?"

"వెనక చూడలేదు మనం. మీరూ చూడలేదు, నేనూ చూడలేదు."

గొణుక్కుంటూనే పట్టుకున్నాడు. ఫ్రేము గోడవైపుకి తిప్పి నిలబెట్టారు. చిల్లు చుట్టూ కాన్వాసు దారాలు ఊడిపోకుండా సన్నటి తెల్ల గుడ్డ పేలికలు అంటించి ఉన్నాయి. గాయానికి కట్టు కట్టినట్టే ఉంది. జిగురు మరకలు ఇంకా కొత్తగానే ఉన్నాయి. ఒక పేలికకి పంచె అంచు అలాగే ఉండిపోయింది.

"సంతకం కాజేసి పోయేవాడు ఇంత ఓపిగ్గా గుడ్డలు అంటించి పోతాడా?" అంది.

వెనక అడుగుల చప్పుడైంది. ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు. తెల్లటి పంచెలో నాగభూషణం గారు నిలబడి ఉన్నారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. బందరులో ఏ సభ జరిగినా ముందు వరసలో కూర్చోబెట్టే పెద్దమనిషి. ఆయన చూపు గోడకి ఆనించిన బొమ్మ వీపు మీద ఆగిపోయింది.

"కూర్చోండి నాగభూషణం గారూ," అంది యశస్విని. "శుక్రవారం పెళ్ళిలో భోజనం చేశారా మీరు?"

"చేశానమ్మా."

"మీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

ఆయన కుర్చీలో కూర్చుని పంచె సర్దుకున్నారు.

"మాది గుడివాడే. నేను కనుక్కోగలను. కాని మీ నోటితోనే వింటే బాగుంటుంది."

"భోజనాలకి ముందే వచ్చేశాను. ఒంట్లో బాగాలేదని చెప్పి రైలెక్కాను." ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నారు. "వచ్చేసరికి విల్సన్ ఇక్కడే ఉన్నాడు. వార్నిష్ వెయ్యలేదు. నాకోసమే చూస్తున్నాడు. 'ముందు మీరు చూడాలి, తర్వాత మీరెలా చెబితే అలా చేస్తా'నన్నాడు. చూశాను. నువ్వు ఇంటికి పో అన్నాను."

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఒక మడత ఉంది. సగం చింపిన పంచె. దాన్ని విప్పి లోపలున్న బొమ్మ ముక్కను యశస్విని చేతికిచ్చారు.

ఆమె బొమ్మను మళ్ళీ ఇటు తిప్పి, ఆ ముక్కను చిల్లులో ఉంచి పట్టుకుంది.

నీళ్ళలో చేతులు ఉన్నాయి. ఎప్పుడో ఎవరో వాటి మీద నీళ్ళ రంగు పూశారు. విల్సన్ దూది అద్ది తుడిచేసరికి పైకి తేలాయి. పడవ అంచు పట్టుకున్న చేతులు. ఒక ముసలి చెయ్యి, ఒక పిల్ల చెయ్యి, గాజులున్న చెయ్యి ఒకటి. ఆ మూల దగ్గరి పడవలో నిలబడ్డ మనిషి గెడ వేసి పడవను తోస్తున్నాడని ఇన్నేళ్ళూ అందరూ అనుకున్నారు. ముక్క అతికాక గెడ చివర ఎక్కడుందో తెలిసింది. గాజుల చేతి మణికట్టు మీద ఉంది.



"కాల్చేద్దామనుకున్నాను," అన్నారు నాగభూషణం. "చేతులు రాలేదు."

ముందుగా తేరుకున్నది రాజ్ కుమార్. "సరేనండి. ఇది ఈ గది దాటనక్కర్లేదు. వీడియో ఎలాగూ తిరిగింది, జనం విల్సనేనని నమ్మేశారు. మూల పాడైంది కాబట్టి అక్కడ ఏదైనా పూలదండ వేలాడదీస్తే సరిపోతుంది. ఆదివారం సభ ఆగదు. నాగేంద్రబాబు గారు కూడా ఇదే అంటారు."

"అతని బతుకో?" అంది యశస్విని.

"నాలుగు రోజులు అనుకుంటారు, మర్చిపోతారు."

"మీరు చెప్పండి నాగభూషణం గారూ. పొద్దున వీడియో మీరూ చూసే ఉంటారు."

ఆ ముసలాయన తల కిందికి వాలింది. "చూశాను. ముత్యాలమ్మ చీరలు వీధిలో పడేశారు. చూస్తూ ఈ కుర్చీలోనే కూర్చున్నాను. లేవలేదు." ఆయన యశస్విని వైపు చూశారు. "అమ్మా, నువ్వేం చేసినా సరే, ఇది ఇందిరకి మాత్రం చూపించొద్దు. దానికి తెలియకూడదు."

"నేను గురువారమే చూశానండీ."

వంటింటి గుమ్మంలో ఇందిరమ్మ నిలబడి ఉంది. ఆయన భార్య. యశస్వినిని పిలిపించిన మనిషి. ఆమె లోపలికి వచ్చి, బొమ్మకు ఎదురుగా, భర్తకు కాస్త దూరంగా కూర్చుంది.

"విల్సన్ వెళ్ళిపోయాక ముసుగు తీసి చూశాను. ఎంత బాగుచేశాడో చూద్దామని." ఆమె యశస్వినివైపు తిరిగింది. "మాది దివిసీమమ్మా. డెబ్బై ఏడు ఉప్పెనలో తాడిచెట్టు మట్టని పట్టుకుని ఉండిపోయాను. మా అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు పోయారు. అప్పుడు బియ్యం లారీ వేసుకుని ఈయన వచ్చారు. ఉప్పెనొస్తే పడవలు పంపిన ఇంటివాళ్ళం, చూస్తూ ఊరుకోలేం అన్నారు. ఆ మాట విని చేసుకున్నాను."

"ఇందిరా..." అన్నారాయన.

"మీరు వచ్చింది నిజమేగా. లారీ తెచ్చింది నిజమేగా. అది అబద్ధమని నేనన్నానా?" ఆమె గొంతు పెంచలేదు. "శుక్రవారం మీరు పెళ్ళిలోంచి ముందే వచ్చేశారు. శనివారం చిల్లు కనబడింది. నాకు అర్థమైంది. మీరు చెబుతారని చూశాను. ఆదివారం చూశాను. ఇవాళ పొద్దున కూడా చూశాను."

"నన్నెందుకు పిలిచారండీ మరి?" యశస్విని అడిగింది. "నాతో ఒక్క మాట చెప్పుంటే..."

"నేనడిగితే ఆయన నాకు అబద్ధం చెప్పాల్సొచ్చేది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. బయటివాళ్ళు అడిగితే నిజం చెబుతారనుకున్నాను." ఇందిరమ్మ తన చేతుల వంక చూసుకుంది. "మా ఇద్దరి మర్యాద చూసుకున్నాను. మధ్యలో ఆ అబ్బాయి నలిగిపోయాడు. మీరు వాళ్ళింటి మీదికి వెళ్తున్నారని ముందే తెలిస్తే ఆపేదాన్నా? ఏమో, అదీ చెప్పలేను."

నాగభూషణం లేచారు. చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం వైపు నడిచారు.

"ఎక్కడికండీ?" రాజ్ కుమార్ అడ్డం వచ్చాడు. "మీ అబ్బాయితో ఒకసారి మాట్లాడండి. స్మారక భవనం, సభ, పేరు, అన్నీ పోతాయి."

"తప్పుకో బాబూ," అన్నారాయన. "ఆ సందు ఎక్కడుందో నాకు తెలుసు."

* * *

సందులో జనం మళ్ళీ పోగయ్యారు. నాగభూషణం గారి లాంటి మనిషి ఆ వీధికి నడిచి రావడం వాళ్ళెప్పుడూ చూడలేదు. విల్సన్ తలుపు దగ్గరికి వచ్చి, ఆయన్ని చూసి కంగారుగా కుర్చీ కోసం లోపలికి తిరిగాడు.

"వద్దు. నిలబడే చెబుతాను." ఆయన మెట్టు ముందు ఆగి జనంవైపు తిరిగారు. గొంతు సభల్లోలా పలకలేదు. "ఆ బొమ్మ కోసింది నేను. ఈ అబ్బాయి కాదు. మా ముత్తాత పడవలు ఎవర్నీ ఎక్కించుకోలేదు. పట్టుకున్నవాళ్ళ చేతులు కొట్టేసి పోయాయి. అది బొమ్మలో కనబడితే తట్టుకోలేక కోసి దాచాను. ఇతనికి తెలిసి కూడా నా పరువు కోసం నోరు మూసుకున్నాడు. అతన్ని దొంగంటుంటే నేను విని ఊరుకున్నాను."

"పొద్దున వీడియో తీసినవాళ్ళు ఇదీ తీయండి," అంది యశస్విని.

పొద్దున లేచినన్ని ఫోన్లు ఇప్పుడు లేవలేదు.

ఆమె ముత్యాలమ్మ ముందు కూర్చుంది. "వెతుకుదామన్నది నేనేనండీ. వీడియో తీసినాయన కాదు, మరొకరు కాదు. నన్ను క్షమించండి."

ముత్యాలమ్మ కొంగు తీసింది. "క్షమించమంటే క్షమిస్తానమ్మా. నాకేం పోయింది? రేపు పొద్దున కుళాయి దగ్గరకి వెళ్ళేది మాత్రం నేనేగా."

వరండాలో చీరలు ఇంకా అలాగే ఉన్నాయి. యశస్విని ఒక్కొక్కటే తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. ముత్యాలమ్మ వద్దనలేదు, సాయమూ పట్టలేదు. కాసేపటికి ఇందిరమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది.

యశస్విని వెంట తెచ్చిన ముక్కను విల్సన్ వెలుతురుకి ఎత్తిపట్టి అంచులు పరీక్షగా చూశాడు. "అతుకుతుందండి. సన్నటి గీత కనపడుతుంది, అంతే." నాగభూషణం ముఖంలోకి చూడలేక ముక్కనే చూస్తూ అన్నాడు. "మీకు ఆ రోజు చెప్పని సంగతి ఇంకోటుందండి. మిగతా మూడు పడవల కింద కూడా నీళ్ళ రంగు మందంగానే ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడ నేనింకా తుడవలేదు."

నాగభూషణం మెట్టు మీద కూర్చున్నారు.

ఇందిరమ్మ చేతిలోని చీర మడత పూర్తిచేసి గుట్ట మీద పెట్టింది. "ఎందుకు తుడవలేదు బాబూ?"

"ఎవరూ తుడవమనలేదండి."

"పొద్దున్నే వచ్చెయ్యి. తలుపు నేను తీసి ఉంచుతాను," అందామె. "ఈసారి ముసుగు వెయ్యొద్దు. తుడువు."